తల్లి మాట్లాడని అధ్యాయం

మలేరియా మాత్ర మింగబోతే నాలుక మీదే విరిగింది. నీళ్ళు తాగినా చేదు పోలేదు. జ్వరంతో పడుకుని, పోయిన ఏడాది చనిపోయిన ఎస్తేరు టీచర్‌ని తలుచుకున్నాను. ఆవిడ నాకు పాఠం చెప్పిన ఇంగ్లీషు నవల మొదట్లో ఒక తల్లి పడవలో పిల్లలకు ఈ చేదే మింగిస్తూ ఉంటుంది.

అప్పుడు నేను రాయపూర్‌లో బి.ఎ. చదువుతున్నాను. నాన్నది రైల్వే ఉద్యోగం. టీచర్‌ది నరసాపురం వైపు. మా క్వార్టర్ల వెనక అద్దె ఇంట్లో కూతురు రూతుతో ఉండేవారు. భర్త దావీదుగారు గుమాస్తా ఉద్యోగం మానేసి, సువార్త చెప్పడానికి కుటుంబాన్ని తీసుకుని బస్తర్ అడవులకు వెళ్ళారు. అక్కడ మలేరియాతో కొడుకు పోయాడు. ఆయన అక్కడే ఉండిపోయారు. టీచర్ రూతును తీసుకుని తిరిగొచ్చి ఇక్కడ బడిలో చేరారు.

పరీక్ష కోసం సాయంత్రాలు ఆవిడ దగ్గరికి వెళ్ళి ఆ నవల చెప్పించుకునేదాన్ని. అది ఆఫ్రికాకు వెళ్ళిన ఒక తెల్ల మిషనరీ కుటుంబం గురించి. మొదటి అధ్యాయంలో వాళ్ళ పడవ నది మీద వెళ్తుంటుంది. ఒడ్డు కనబడగానే తండ్రి లేచి నిలబడి ప్రార్థన చేస్తాడు. వారాలు గడిచినా టీచర్ ఆ అధ్యాయం దాటలేదు.

"పరీక్షలొచ్చేస్తున్నాయి టీచర్. మనమింకా పడవే దిగలేదు."

"రైల్వేవాళ్ళ పిల్లవి, ఆలస్యం నీకు కొత్తా? కూర్చో. ఇందులో తల్లి ఒక్క మాటైనా మాట్లాడిందా?"

వెతికాను. లేదు. ఆవిడ మాట్లాడితే ఏమనేదో రాసుకు రమ్మన్నారు. నది గురించీ చీకటి గురించీ ఒక పేజీ నింపుకెళ్ళాను. టీచర్ చదివి నవ్వారు.

"పక్కన పిల్లాడి ఒళ్ళు కాలిపోతుంటే ఇంత అందంగా మాట్లాడే తీరిక ఎవరికుంటుందే?"

ఆ చలికాలం దావీదుగారు వచ్చారు. బాగా చిక్కిపోయారు. మెత్తని మనిషి, నన్ను కూతురిలా, హిందీలో "బిటియా" అని పిలిచేవారు. ఒక సాయంత్రం మేము పుస్తకం ముందు ఉండగానే మాట ఎత్తారు.

"రూతు పెద్దదైంది. ముగ్గురం వెళ్దాం ఎస్తేరూ. ప్రభువు పిలుస్తున్నాడు."

"మిమ్మల్ని పిలిచాడు, కాదనను. రూతును పిలిచిన రోజు అదే నాకు చెబుతుంది."

"విశ్వాసం లేని మాట అది."

"కావచ్చు. పిల్లను పంపను. నేనూ రాను."

టీచర్ పుస్తకం మూసేశారు. నేను నింపిన పేజీలో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు.

ఆయన ఒక్కరే వెళ్ళారు. చర్చిలో ఆడవాళ్ళు టీచర్ పక్కన కూర్చోవడం మానేశారు. "మొగుణ్ణి అడవికి వదిలేసి ఇక్కడ ఇంగ్లీషు చెప్పుకుంటోంది" అన్న మాట మా ఇంటిదాకా వచ్చింది. వానాకాలంలో కబురొచ్చింది. దావీదుగారు జ్వరంతో పోయారు. కబురు అందేసరికే సమాధి చేసేశారు.

నేను వెళ్ళేసరికి టీచర్ గోడకానుకుని కూర్చున్నారు. రూతు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది.

"వెళ్ళి ఉంటే చూసుకునేదాన్ని," అన్నారు.

"మీరు వెళ్ళి ఉంటే రూతు కూడా..." ఓదార్పనుకునే అన్నాను.

"వద్దే. ఆయన పోయినదానికి ఇది బతికుండటాన్ని సరిపెట్టకు. నేనూ సరిపెట్టుకోను."

ఆ తర్వాత ఎవరి చావింటికి వెళ్ళినా నేను మాటల కోసం వెతకలేదు. పోయిన ఏడాది టీచర్‌ని సాగనంపిన రోజు అందరూ రూతుతో, అమ్మానాన్నలిద్దరూ పరలోకంలో కలుసుకుని ఉంటారని చెప్పి వెళ్ళారు. నేను ఆ పిల్ల పక్కన ఊరికే కూర్చున్నాను. చాలాసేపటికి, "ఆకలేస్తోందక్కా" అంది. లేచి అన్నం కలిపి పెట్టాను.