ఆ టీచర్ని నీళ్ళడుగు

పాల డెయిరీ ల్యాబులో ఆరేళ్ళు సూక్ష్మజీవులను లెక్కపెట్టిన మనిషి, పరాయి దేశానికి వచ్చి పసిపిల్లలను చూసుకునే బడిలో చేరింది. భర్త వెంట వచ్చాక అక్కడి ల్యాబులు ఆమె డిగ్రీ చూసి మర్యాదగా తలలూపాయే తప్ప లోపలికి రమ్మనలేదు. అదే బడి వంటగదిలో పనిచేసే వదిన, అంటే భర్తకు అక్క, మాటసాయం చేస్తే ఈ ఉద్యోగం దొరికింది.

"అక్కడ పురుగుల్ని చూశావు, ఇక్కడ పిల్లల్ని చూడు. ఇవీ కుదురుగా ఉండవులే," అంది వదిన.

చూడడమే పని. రోజుకో పిల్ల వంతు. పావుగంటకోసారి ఆ పిల్ల ఏం చేసిందో కాగితం మీద పెట్టాలి. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. 'కోపం వచ్చింది' అంటే ఒప్పుకోరు, 'బొమ్మ విసిరింది' అనాలి. ఆమెకిది అలవాటైన పద్ధతే. ఎవరు ఎడమచేత్తో తింటారో, ఎవరు నిద్రకు ముందు చెవి నలుపుకుంటారో, ఎవరు ఇంటికెళ్ళే వేళకు బూట్లు దాచేస్తారో, అన్నీ ఆమె కాగితాల్లో ఉండేవి. సాయంత్రానికి నడుం పట్టేసేది, మోకాళ్ళు మొరాయించేవి. రాత మాత్రం చెదిరేది కాదు.

ఆమె ప్రాణమంతా పక్కగదిలో ఉండేది. అక్కడ ఆమె నాలుగేళ్ళ కూతురుంది. ఇంట్లో వాగుడుకాయ. బడి గుమ్మం దాటితే నోటికి తాళం. ఏడు వారాలైనా ఒక్క మాట లేదు. ఆ గది బాధ్యత చూసే పెద్దావిడ మెల్లగానే చెప్పింది: "నెలాఖరుకి ఈ జట్టంతా పెద్దపిల్లల గదికి వెళ్తుంది. అక్కడ తనకేం కావాలో తనే నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే ఇంకో మూడు నెలలు ఇక్కడే, చిన్నవాళ్ళతో."

అప్పట్నుంచి తల్లికి తిండి సహించలేదు. రోజూ జడ వేస్తూ, "నాకు నీళ్ళు కావాలి" అని ఆ దేశపు భాషలో వల్లె వేయించేది. పిల్ల చిలకలా అప్పజెప్పేది. బడికి వెళ్ళగానే మళ్ళీ మూగనోము.

నెల ముగియడానికి నాలుగు రోజులుందనగా అక్కడి టీచర్ ఒకరికి జ్వరం వచ్చి, ఆమెను ఆ గదికి వేశారు. పైగా ఆ రోజు రాయాల్సిన వంతు ఆమె కూతురిదే.

"వేరే పిల్ల గురించి రాస్తానని చెప్పకపోయావా?" అంది వదిన ఉల్లిపాయలు తరుగుతూ.

"నా పిల్ల కోసం వంతు మార్పించుకుంటే పక్షపాతం అనుకుంటారు వదినా."

"అనుకుంటే అనుకోనీ, నీ సొమ్మేం పోయింది? నువ్వూ నీ రూల్సూ!"

ఆమె వినలేదు. గది బయట కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "బంగారూ, ఈ రోజు లోపల నేను అమ్మను కాదు. టీచర్ని. సరేనా?"

పిల్ల ఆమె మెడలోని గుర్తింపు కార్డు వైపు చూసి తలూపింది.

పదింబావుకు పిల్ల ఖాళీ కప్పు పట్టుకుని వచ్చింది. నీళ్ళ జగ్గు పై అరలో ఉంది. ఏ తల్లికైనా అర్థమయ్యేదే. కానీ గదిలో పెద్దావిడ ఉంది.

"ఏం కావాలి?" అని ఆ దేశపు భాషలోనే అడిగింది తల్లి.

పిల్ల కప్పు పైకెత్తింది.

"నోటితో చెప్పు."

పిల్ల ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి వెళ్ళిపోయింది. 'కప్పు చూపింది. మాట లేదు,' అని తల్లి రాసుకుంది. పదకొండుకు మరోసారి వచ్చింది. అప్పుడూ అంతే. రాస్తుంటే అక్షరాలు వంకర పోయాయి.

పన్నెండుకు వదిన భోజనాల బండి తోసుకొచ్చింది. పిల్ల పరుగున వెళ్ళి ఆమె ఏప్రన్ పట్టుకుని, గదంతా వినబడేలా తెలుగులో అంది: "అత్తా, దాహమేస్తోంది. ఆ టీచర్ని కొంచెం నీళ్ళడుగు."

వదిన పకపకా నవ్వబోయి, మరదలి ముఖం చూసి ఆగిపోయింది. "గొంతు ఎండిపోతోందే పిల్లకి. ముందు పొయ్యి."

ఆమె జగ్గు దించింది. కప్పు నిండా పోసి అందించింది. పిల్ల కప్పు అందుకోలేదు.

"ఇప్పుడు నువ్వెవరు?" అంది.

"అమ్మని."

అప్పుడు తాగింది. రెండు కప్పులు, గుక్క తిప్పుకోకుండా.

ఏం జరిగిందని పెద్దావిడ అడిగితే వదిన చెప్పింది. పెద్దావిడ నొసలు ముడిపడింది. "ఈ పిల్ల రోజూ కప్పు చూపిస్తుంది, మేం రోజూ పోస్తాం. మాట రాలేదని రాసుకుంటాం, అంతే. నీళ్ళు ఆపమని ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. పరాయిచోట ఎవరూ వేలెత్తి చూపకూడదని, వాళ్ళు పెట్టని నియమాన్ని కూడా తనే పెట్టుకుని పాటించింది.

కాగితం ఇంకా నింపాల్సి ఉంది. ఆమె రాసింది: 'పన్నెండూ ఐదు. నోటితో నీళ్ళు అడిగింది, సొంత భాషలో, అత్తను. తల్లి పోసింది.' తల్లి అన్నచోట టీచర్ అని ఉండాలి. దిద్దలేదు.

సాయంత్రం పెద్దావిడ అది చదివి, "మాటలు ఉన్నాయి. ఇక్కడింకా బెరుకు పోలేదు. మూడు నెలలు ఈ గదిలోనే ఉండనిద్దాం," అంది. నిన్నటి రోజైతే ఆమె కాళ్ళావేళ్ళా పడేది. ఇప్పుడు ఓపిక లేదు. ఉన్నా, ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

"ఉండనివ్వండి," అంది.

బస్టాపులో వదిన భుజం తట్టింది. "బాధపడకే. చిన్నవాళ్ళలో ఉంటే నాయకురాలవుతుంది."

"అది నాయకురాలు కాకపోయినా ఫర్వాలేదు వదినా. నాకు బస్సులో సీటు దొరికితే చాలు."

సీటు దొరికింది. పిల్ల ఒళ్ళోకెక్కి కబుర్లు మొదలుపెట్టింది. ఎవరి పన్ను ఊడిందో, ఎవరు ఎవర్ని కొరికారో, ఎవరు బల్ల కింద దాక్కుని ఏడ్చారో. పొద్దుట్నుంచీ ఆ గదిలోనే ఉన్నా, అందులో ఒక్కటీ తల్లి కంటబడలేదు.

"ఊఁ, చెప్పు," అంది కళ్ళు మూసుకుని. "తర్వాత?"