నోరు పెగలని రోజుల్లో నా నిశ్చయత

ఆ రోజు నా కాలి చెప్పు ఊడిపోయింది, నాకు తెలియలేదు.

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాది కాయలు ఏరే పని. బెల్టు మీద కాయలు వస్తుంటాయి, కుళ్ళినవీ మచ్చ పడినవీ తీసి పక్కన వేయాలి. సీజన్‌లో కింద నేలంతా తడి, జిగట. టీ తాగడానికి బయటికి వస్తుంటే నాతో పని చేసే మునెమ్మ వెనక నుంచి కేకేసింది.

"ఏమ్మే కరుణమ్మా, ఒంటి చెప్పుతో యాడికి పోతాండావు? ఆ రెండోది ఎవరికిచ్చినావు?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కిందికి చూసుకుంటే ఎడమ కాలు వట్టిది. మిట్టమధ్యాహ్నం సిమెంటు మీద నిలబడి ఉన్నాను, కాలు కాలడం లేదు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

అంతకు రెండు వారాల ముందు నాకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను. సాయంత్రానికి రెండు పాదాల్లోనూ చీమలు పాకినట్టు తిమ్మిరి. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన బలానికని ఒక ఇంజెక్షన్ పొడిచాడు. పక్కింటివాళ్ళు నువ్వుల నూనె వేడి చేసి రుద్దారు. రుద్దినకొద్దీ తిమ్మిరి పైకి ఎక్కిందే గాని దిగలేదు. మరుసటి రోజు కింద కూర్చుని ముఖం కడుక్కున్నాను, లేవలేకపోయాను. మా ఆయన చంకల కింద చేతులు వేసి లేపాడు. మధ్యాహ్నం అన్నం కలిపితే ముద్ద నోటిదాకా రాలేదు.

మా ఆయన పేరు దేవదానం. బస్సు డ్రైవరు. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు పోయే బస్సు నడుపుతాడు. మాటలు తక్కువ. ఆదివారం డ్యూటీ లేకపోతే ప్రార్థన మందిరానికి వచ్చి, చివరి వరసలో కూర్చుని, ప్రసంగం మొదలైతే చాలు కునికిపాట్లు పడే మనిషి. ఎన్నిసార్లు మోచేత్తో పొడిచానో నాకే తెలియదు. ఆ రోజు మాత్రం ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా ఆటో పిలిచి నన్ను చిత్తూరు తీసుకుపోయాడు.

అక్కడ డాక్టరమ్మ చిన్న సుత్తితో నా మోకాళ్ళ మీద తట్టింది. కాలు కదలలేదు. "రిఫ్లెక్సెస్ లేవు" అంది. తర్వాత, "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టమ్మా" అంది. ఇరవై దాటి ఆగిపోయాను. ఆమె ముఖం మారింది.

"ఇది కింది నుంచి పైకి ఎక్కే వీక్‌నెస్. జీబీఎస్ అనే నరాల జబ్బు అనుకుంటా ఉండాను. ఊపిరి కండరాల దాకా ఎక్కితే వెంటిలేటర్ కావాల, ఈడ లేదు. తిరుపతికి పోండి, ఇప్పుడే. ఇంటికి పోయి గుడ్డలు సర్దుకోని వస్తాం అనొద్దు."

అంబులెన్స్‌లో మళ్ళీ లెక్కపెట్టి చూసుకున్నాను. పది దగ్గర ఊపిరి చాలలేదు.

తిరుపతి ఆసుపత్రిలో నడుము నుంచి నీరు తీసి సీఎస్ఎఫ్ పరీక్ష చేశారు, కరెంటు పెట్టి నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. జబ్బు అదే. న్యూరాలజిస్టు మా ఆయనను పక్కకు పిలవలేదు, నా మంచం దగ్గరే చెప్పాడు. అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

"విరేచనాల క్రిమి మీదికి లేచిన ఇమ్యూనిటీ ఇప్పుడు ఈమె నరాల మీద పడింది. ఐవీఐజీ అనే మందు సెలైన్ మాదిరి ఎక్కిస్తాం. అది జబ్బును ఆపుతుంది, మనిషిని వెంటనే లేపదు. నరం మళ్ళీ బాగుపడాలి. నెలలు పట్టొచ్చు. ఓపిక ఉందా?"

"లేకపోతే తెచ్చుకుంటాం సార్" అన్నాడు మా ఆయన.

ఇక్కడ మా చర్చి సంఘంలో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. మనిషి చావుబతుకుల్లో ఉంటే మా సంఘ పెద్ద ఇమ్మానుయేలన్న వెళ్ళి, మంచం పక్కన నిలబడి, "అమ్మా, రక్షణ నిశ్చయత ఉండాదా?" అని అడుగుతాడు. ప్రభువు నన్ను రక్షించాడు, నేను ఆయన దగ్గరికే పోతున్నాను అనే నమ్మకం గట్టిగా ఉందా అని దాని అర్థం. ఆ మనిషి "ఉండాది" అనాలి. పైకి, నలుగురికీ వినబడేలా. సమాధి దగ్గర పెద్దాయన ఆ మాటే చెప్పి ఇంటివాళ్ళను ఓదారుస్తాడు. మా అమ్మ పోయేముందు ఆ "ఉండాది"ని ఎంత గట్టిగా అందంటే వాకిట్లో ఉన్నవాళ్ళు కూడా విన్నారు. నా సమయం వచ్చినప్పుడు నేనూ అలాగే అనాలని నాకు ఆశ. ఆశ అని చిన్నగా చెప్తున్నాను గాని, ఆ మాట అనకుండా పోతే అవతల నన్ను గుర్తుపడతారా అనే భయం కూడా అందులో ఉండేది.

ఆ సాయంత్రం గుటక మింగుడు పడలేదు, మాట ముక్కులోంచి వచ్చింది. "ఇంక ట్యూబ్ వేయాల్సిందే. కొన్నాళ్ళు మాట రాదమ్మా" అన్నారు. ఆ మాట అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. మా ఆయన వైపు తిరిగి నోరు తెరిచాను. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. మత్తు ఇచ్చేశారు. మాట అనకుండానే పడిపోయాను.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదని చాలామంది అనుకుంటారు. అయ్యో, అన్నీ తెలుస్తాయి! మత్తు తగ్గించినప్పుడల్లా సిస్టర్ల మాటలు, మెషీన్ల కూతలు అన్నీ వినేదాన్ని. గొంతులో పైపు పెట్టి కఫం లాగే సక్షన్ వస్తే ప్రాణం పోయినట్టుండేది. చేయి ఎత్తలేను, వేలు కదపలేను. ముఖంలో నరాలు కూడా పడిపోయాయి కాబట్టి రెప్పలు మూతపడవు. కళ్ళకు ఆయింట్‌మెంట్ పెట్టి ప్లాస్టర్ వేశారు. చీకట్లో పడుకుని ప్రార్థన మొదలుపెట్టేదాన్ని. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థనే, సగంలో తెగిపోయేది. ఎక్కడ ఆగానో తెలియదు. మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ సగంలో. స్త్రీల కూడికలో అందరికంటే గట్టిగా ప్రార్థన చేసేదాన్ని నేనే. అలాంటిది దేవుడితో ఒక వాక్యం పూర్తి చేయలేకపోతున్నానే అని లోపల లోపల ఏడ్చాను. ఏడిస్తే కన్నీళ్ళు తుడిచేవాళ్ళకు అది ఏడుపని కూడా తెలియదు.

అంతలో జ్వరం వచ్చింది. "న్యుమోనియా. బీపీ కూడా నిలకడగా లేదు. దగ్గరివాళ్ళకు చెప్పుకోండి" అని డాక్టరు మా ఆయనతో అనడం విన్నాను. ఎందుకు చెప్పుకోమన్నారో నాకు అర్థమైంది.

విజిటింగ్ టైంలో ఇమ్మానుయేలన్న వచ్చాడు. ఆయన గొంతు నాకు దూరం నుంచే తెలుస్తుంది. ప్రార్థన చేశాడు. తర్వాత వంగి, నేను భయపడుతున్న ఆ మాట అడిగాడు.

"కరుణమ్మా, తల్లీ, రక్షణ నిశ్చయత ఉండాదా? ఉంటే చెయ్యి కదుపు."

చెయ్యి లేదు నాకు. ఉన్నా నాది కాదు.

"పోనీ, ఒక వేలు. కాకపోతే ఆ ప్లాస్టర్ కిందనే కన్ను ఆర్పమ్మా. సూస్తాండా."

ప్లాస్టర్ కింద నా కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఆర్పడానికి ఎంత ప్రయత్నించానో దేవుడికే తెలియాలి. లోపల "ఉండాది, ఉండాది" అని అరుస్తున్నాను.  పాపం, పెద్దమనిషి మా ఆయన వైపు తిరిగాడు. "దేవదానమూ, ఏం జవాబు రాలేదప్పా" అన్నాడు మెల్లగా.

అప్పుడు మా ఆయన మాట్లాడాడు. పెద్దాయనకు ఎదురు చెప్పడం నేను అంతకుముందు వినలేదు.

"అన్నా, నేను రోజూ మొగిలి ఘాట్ ఎక్కతాను. ఘాట్‌కు వచ్చేసరికి బస్సులో సగం మంది నిద్రపోతాంటారు. మేలుకోనుండేవాళ్ళు ముందర సీటు కమ్మీ పట్టుకోని కూసుంటారు. నిద్రపోయినోళ్ళు దేన్నీ పట్టుకోరు. అట్లని వాళ్ళను ఘాట్‌లో దించేస్తానా నేను? పలమనేరులో అందరూ దిగతారు. నేనే దించనప్పుడు ఆయన దించుతాడా?"



నాకైతే లోపల నవ్వొచ్చింది. మందిరంలో ప్రతి ఆదివారం నిద్రపోయే మనిషి, నిద్రపోయేవాళ్ళ తరఫున వకాలతు పుచ్చుకున్నాడే అని! ఆ నవ్వు వెనకే ఏడుపు, ఆ ఏడుపు వెనక నెమ్మది. ఇన్ని రోజులూ కమ్మీ పట్టుకోవడమే నా రక్షణ అనుకున్నాను. చెయ్యి జారింది కాబట్టి పడిపోయాననుకున్నాను. నేను పడలేదు. ఆ రోజు నుంచి ప్రార్థన సగంలో తెగితే తెగనిచ్చాను. "అయ్యా, మిగతాది నువ్వే చూసుకో" అని వదిలేశాను. బతికినా ఆయన చేతుల్లోనే, పోయినా ఆయన చేతుల్లోనే. అది తెలిశాక బతకాలనే పట్టుదల కూడా ఎక్కువైంది, ఎందుకో చెప్పలేను. భయానికి ఖర్చయ్యే బలమంతా అటు మళ్ళిందేమో.

యాంటీబయాటిక్స్ మార్చారు. జ్వరం దిగింది. నోట్లో ట్యూబ్ తీసి, గొంతు దగ్గర రంధ్రం చేసి అందులో ట్యూబ్ పెట్టారు, ట్రకియాస్టమీ అంటారు. వెంటిలేటర్ రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చారు. రెప్పలు మూతపడటం మొదలయ్యాక కళ్ళ మీది ప్లాస్టర్ తీసేశారు. ఒక పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయి నా అరచేతిలో తన వేలు పెట్టి "నొక్కమ్మా" అంటే బొటనవేలు కదిలింది. ఆ పిల్ల వార్డంతా వినబడేలా "సార్, ఫ్లికర్ వచ్చింది!" అని అరిచింది. ఆ చిన్న కదలికకు నేను పడిన సంతోషం, మా పెళ్ళిలో కూడా పడలేదు.

మాట రావడానికి గొంతు దగ్గర స్పీకింగ్ వాల్వ్ పెట్టే రోజు మా ఆయన, ఇమ్మానుయేలన్న ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. మొదటి మాట ఏం అనాలో నేను ఎప్పుడో సిద్ధం చేసుకున్నాను. డాక్టరు "ఏదైనా మాట్లాడమ్మా" అన్నాడు. కళ్ళెత్తి మా ఆయనను చూశాను. చెంపలు లోపలికి పోయి, మాసిన గడ్డంతో ఉన్నాడు. నా నోటి నుంచి వచ్చింది ఇదీ:

"ఆ గడ్డమేందయ్యా, దయ్యం మాదిరి?"

డాక్టరు నవ్వాడు, సిస్టర్లు నవ్వారు. మా ఆయన నవ్వుతూనే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు అదురుతుంటే తెలిసింది నాకు.

ఇంటికి వచ్చాక అంతా తేలికైందని అనుకోకండి. నిజానికి అసలు కష్టం అక్కడే. పాదాలు వేలాడిపోతుంటే ఫుట్ డ్రాప్ అని, కాళ్ళకు కట్టుకునే స్ప్లింట్లు ఇచ్చారు. వాకర్ పట్టుకుని మంచం నుంచి గడప దాకా, గడప నుంచి పంపు దాకా. ఒకసారి బాత్రూములో పడి, లేవలేక, కోపమొచ్చి మగ్గు విసిరేశాను. "ఇట్లా బతికేదానికంటే ఆ పొద్దే పోయుంటే బాగుండు" అన్నాను. మా ఆయన వచ్చి పక్కనే తడి నేల మీద కూర్చున్నాడు. "కోపం అయిపోయినాక చెప్పు, లేపుతా" అన్నాడు. అయిపోయాక లేపాడు. మరుసటి రోజు మళ్ళీ పంపు దాకా నడిచాను. విశ్వాసమంటే ప్రతిరోజూ సంతోషంగా ఉండటం కాదని ఆ నెలల్లో నేర్చుకున్నాను. ఏడ్చిన రోజు కూడా స్ప్లింట్లు కట్టుకునేదాన్ని.

వాకర్‌తో మందిరానికి వెళ్ళిన మొదటి ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. నిలబడ్డాను. కాళ్ళు వణుకుతున్నాయి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెద్దాయనా, ఆసుపత్రిలో మీరు నన్ను ఒగ మాట అడిగినారు. జవాబు బాకీ ఉండాను. ఇప్పుడు చెప్తాండా. ఉండాది. నోరు పెగల్నప్పుడు గూడా ఉండె. నేను ప్రార్థన మర్సిపోయినప్పుడు గూడా ఉండె. నేను పట్టుకోనుండానని కాదు, ఆయన పట్టుకోనుండాడని ఉండాది."

చివరి వరసలో మా ఆయన మేలుకునే ఉన్నాడు, ఆశ్చర్యం.

ఇప్పుడు నేను ఊతం లేకుండా నడుస్తాను. సాయంత్రమైతే అరికాళ్ళు మండుతాయి, చెప్పుకు వెనక పట్టీ లేకపోతే ఇప్పటికీ జారిపోతుంది. ఫ్యాక్టరీలో బెల్టు పని మాని కూర్చుని చేసే పనికి మారాను. మునెమ్మ రోజూ నా కాళ్ళవైపు చూసి "రెండూ ఉండాయి, పో" అంటుంది.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీవాళ్ళు వెంటిలేటర్ మీద ఉంటే, వాళ్ళను ఏదీ అడగకండి. వాళ్ళు వింటారు, జవాబు చెప్పలేక లోపల నలిగిపోతారు. దగ్గరికి పోయి, చెయ్యి పట్టుకుని, మీకు తెలిసింది మీరే వాళ్ళకు చెప్పండి.

మొన్న మా సంఘంలో ఒక ముసలామెకు పక్షవాతం వచ్చి, మాట పోయి, తిరుపతిలో ఐసీయూలో పెట్టారు. ఇమ్మానుయేలన్న, నేను వెళ్ళాం. ఆయన మంచం పక్కన నిలబడి, వంగి, అలవాటుగా నోరు తెరిచాడు. ఒకసారి నావైపు చూశాడు. తర్వాత ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఉండాది తల్లీ" అన్నాడు. "నువ్వు నిద్రపో."