పదహారు రంగుల్లో లేని శాలువా

వీధిలో అందరూ ఆయన్ని డొక్కు బాబాయ్ అంటారు. టీవీలు బాగుచేసే కొట్టు ఎప్పుడో మూతపడింది, పేరు మాత్రం మిగిలింది. ముందు గదిలో ఓ పిక్చర్ ట్యూబు టీవీ, దానికి తగిలించిన పాతకాలపు కంప్యూటర్. కీబోర్డే కంప్యూటర్ అన్నమాట; దాని మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. పెళ్లా, పిల్లలా? పొద్దస్తమానం ఆ పెట్టెతోనే కాపురం.

ఆ కంప్యూటర్‌కు తెలిసినవి పదహారు రంగులే. బాబాయ్‌కి కావలసింది పదిహేడోది, వాళ్లమ్మ శాలువా రంగు, నెమలికంఠం. శాలువా అమ్మతోపాటే పోయింది. ఉన్న ఫొటోలన్నీ నలుపు తెలుపే. దాన్ని చూసినవాళ్లు ఇక భూమ్మీద ఇద్దరే మిగిలారు, తానూ, తనకంటే చాలా పెద్దదైన అక్కా. అమ్మ ముఖాన్ని చుక్క చుక్క పేర్చి తెరమీదకు తెచ్చాడు గానీ, శాలువా దగ్గర నెలల తరబడి తల బద్దలుకొట్టుకున్నాడు.

లేని రంగును పుట్టించడానికి ఒక్కటే దారి దొరికింది. శాలువాను ఒకసారి నీలంగా, మరుక్షణం ఆకుపచ్చగా, రెప్పపాటుకన్నా వేగంగా మార్చి మార్చి చూపాలి. కంట్లో రెండూ కలిసిపోతాయి. రెండింటి వెలుగూ సమంగా లేకపోతే మాత్రం తెర గడగడ వణుకుతుంది. ఓ మధ్యాహ్నం ఆ వణుకు ఆగింది. శాలువా నిలిచింది. "అమ్మా!" అనేశాడు పైకే. ఆ ఇంట్లో వినడానికి ఎవరున్నారు గనక!

ఆ తర్వాత అనుమానం పీడించింది. నిజంగా ఇదే రంగా, లేక తన మనసు చేసిన గారడీయా? చెప్పగలిగింది అక్క ఒక్కతే. ఫోన్‌తో ఫొటో తీసి పంపాడు.

"ఇదేంట్రా, నీలంగా ఉంది?" అంది అక్క ఫోన్‌లో. ఇంకోటి పంపాడు. "ఇప్పుడేమో ఆకుపచ్చ! నాతో పరాచికాలా?"

బాబాయ్ నాలుక కరుచుకున్నాడు. ఫొటో ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది, ఆ రంగేమో ఏ ఒక్క క్షణంలోనూ ఉండదు. ఇంత మెకానిక్‌కి ఆ మాత్రం తట్టలేదు, చూశారా!

"ఇది ఫొటోకి చిక్కదక్కా. నువ్వే రావాలి."

"నా మోకాళ్లు ఒప్పుకోవద్దూ!" అని విసుక్కుంది గానీ, ఆ ఆదివారమే కర్ర పట్టుకుని వచ్చేసింది. తెర ముందు కూర్చుని కళ్లజోడు తుడుచుకుంది.

"అదేనా అక్కా?"

"కాదురా. నేను చూసింది ఇంకా ముదురు. నిగనిగలాడిపోయేది."

బాబాయ్ టీవీ కట్టేద్దామని చెయ్యి చాచాడు. అక్క ఆ చెయ్యి పట్టుకుంది.

"నేను పెళ్లయి వెళ్లేనాటికి అది కొత్తదిరా. తర్వాత వచ్చినా, నిలబడ్డ కాళ్లమీదే వెళ్లిపోయేదాన్ని." ఆమె తెరమీది శాలువాను వేలితో తాకింది. "చివరికి ఇంతలా వెలిసిపోయిందా?"

"అదే కప్పుకునేదక్కా. ఇంకోటి కొంటానంటే వినేది కాదు."

అక్క కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకుంది.

"ఆపకు," అంది. "కాసేపు ఉండనీ."