ఎదురింటి అక్క అడిగిన ఎనిమిది వారాలు

మా మణి మెట్లెక్కింది. మొన్న ఆదివారం పొద్దున, ఎవరూ పట్టుకోకుండా, నడుం కింద తువ్వాలు వేసి లేపకుండా, తనంతట తాను మూడు మెట్లూ ఎక్కి ఇంట్లోకి వచ్చి నీళ్ల గిన్నె దగ్గర నిలబడింది. నాకు డెబ్బై రెండేళ్లు. నా కూతురు తొలి అడుగు వేసిన రోజున కూడా ఇంత సంతోషపడ్డానో లేదో తెలియదు. ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన మనిషి మాత్రం అంతకు మూడు రోజుల ముందే, గురువారం తెల్లవారుతుండగా, గుండె ఆగి పోయింది. మా ఎదురింటి అక్క.

పాకాలలో మా వీధి మొత్తానికి ఆమె అక్కే. ముప్పై ఏళ్లు పశువుల ఆస్పత్రిలో అటెండరుగా చేసింది. రిటైరయ్యాక కూడా ఆమె అరుగు మీద పొద్దున్నే ఎవరో ఒకరు మేకనో కోడినో పట్టుకుని కూర్చునేవాళ్లు. "నేను డాక్టర్ని కాదప్పా, ఆస్పత్రికి పో" అని పంపడమే ఎక్కువ. పంపేటప్పుడు అక్కడ ఏం చెప్పాలో కూడా నేర్పి పంపేది.

మణి మా అమ్మాయి పెంచిన కుక్క. అమ్మాయి పొద్దున రైలుకు తిరుపతికి ఉద్యోగానికి పోతే, సాయంత్రం దాకా మణికి నేను, నాకు మణి. సంగటి ముద్దలు పెట్టి పెట్టి దాన్ని లావు చేసింది నేనే. తొమ్మిదేళ్లకు దాని వెనక కాళ్లు పడిపోయాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి తుంటి కీళ్లు అరిగిపోయాయన్నాడు. రాత్రింబగళ్లు అది మూలుగుతుంటే చూడలేక నేనొక పని చేశాను. నా మోకాళ్ల నొప్పికి వేసుకునే మాత్రలో సగం విరిచి అన్నంలో కలిపి పెట్టాను. మర్నాటికి నల్లగా వాంతి చేసుకుని వాలిపోయింది.

అక్క వచ్చి దాని చిగుళ్లు తెరిచి చూసింది. "ఏం పెట్టినావు తమ్ముడా? నిజం సెప్పు."

"నా మాత్ర, సగమేక్కా. నాకు తగ్గింది కదా అని."

"నీకు తగ్గితే దానికీ తగ్గుతాదా? నీ సొక్కా దానికి తొడుగుతావా? లెయ్, ఆటో పిలువు. ఆ మాత్ర అట్ట కూడా తీసుకో, డాక్టరుకు సూపించాల."

ఆ రోజు ఆమె లేకుంటే మణి దక్కేది కాదు. అమ్మాయి వారం రోజులు నాతో మాట్లాడలేదు. అక్కే వచ్చి అమ్మాయి పక్కన కూర్చుంది.

"మీ నాయన సంపాలని ఇయ్యలేదు పాపా. తనకు మేలు సేసిందాన్ని పంచిపెట్టినాడు. ఇంక అడిగి పెడతాడులే."

"అడక్కపోతే?"

"అప్పుడు ఆయన్నే కట్టేద్దాం."

అమ్మాయి నవ్వింది. నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

మణి కడుపు కుదుటపడ్డాక డాక్టరు కుక్కల కోసమే చేసిన కీళ్ల మాత్రల డబ్బా రాసిచ్చాడు. అప్పటికే మా బంధువులంతా ఇంజక్షన్ వేయించి దాని బాధ తీర్చమంటున్నారు. అక్క వాళ్లతో వాదించలేదు. "ఎనిమిది వారాలు ఇయ్యండి. అప్పటికీ లెయ్యకుంటే ఆస్పత్రికి నేనే తోడొస్తా, దాని తల నా ఒళ్లోనే పెట్టుకుంటా" అంది.

నాతో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇది మింగంగానే తెలిసేదానికి నొప్పి మాత్ర కాదు. అరిగిన కీలును కొత్తది సెయ్యదు. ఉన్నది ఇంకా పాడు కాకుండా కొంచిం కాస్తాది, అంతే. కొన్నిటికి అదీ సెయ్యదు. నువ్వు సంగటి తగ్గించకుంటే మాత్ర ఒక్కటే ఏం సేస్తాది?"

ఆ మాత్రల సరుకు రొయ్యల పెంకుల నుంచి తీస్తారని ఒకసారి మాటల్లో అంది. నేను ఊరుకుంటానా? పులికాట్ దగ్గర ఉండే మా బావమరిదికి ఫోన్ చేసి గోతం నిండా పెంకులు తెప్పించాను. వీధంతా కంపు. అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "మాత్రల ఫ్యాక్టరీ నీ పెరట్లో పెడతావా తమ్ముడా? కొబ్బరిసెట్టు మొదట్లో పూడ్సు. సెట్టు కీళ్లన్నా గట్టిపడతాయి."

ప్రతి ఆదివారం ఆమె పరీక్ష ఒకటి ఉండేది. "బాగుండాదక్కా" అని నేనంటే నమ్మేది కాదు. "నీకు దానిమీద ఆశ. నీ మాట నాకొద్దు, అడుగులు సూపించు" అనేది. మణి కాళ్లు నీళ్లతో తడిపి, తువ్వాలు ఊతంతో ఎండిన సిమెంటు మీద నడిపించేవాళ్లం. ముందు పాదాల గుర్తులు నిండుగా పడేవి. వెనకవి గోళ్ల గీతలే. అవి ఆరిపోయేలోగా అక్క వంగి చూసేది. ఐదు వారాలు అంతే. ఆరో వారం వెనక కుడి పాదం సగం పడింది. ఏడో వారం రెండూ పడ్డాయి. అక్క మణి వీపు నిమిరింది. పోతూ పోతూ గోడ పట్టుకుని ఆగి, "నా కాళ్లు తడిపి నడిపించేవాళ్లు యాడుండారో" అని నవ్వింది. నేనూ నవ్వాను. వీధి దాటడానికే ఆమెకు ఆయాసం వస్తోందని అప్పుడు నాకు తట్టలేదు. అన్ని ఆదివారాలూ నేను కుక్క కాళ్లే చూశాను.

ఎనిమిదో వారం నిండిన రోజే మణి మెట్లెక్కింది. మాత్రల వల్లనో, సంగటి తగ్గినందువల్లనో, అక్క చేతి చలవో నాకు తెలియదు. ఆమె ఉండి, అడిగి ఉంటే మూడింట్లో ఏదీ అనేది కాదు, ఇంకో నెల చూడమనేది.

ఇప్పుడు చెప్పాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు. చిత్తూరులో మా అన్నకు చెప్పాలి, ఇంజక్షన్ మాట మొదట ఎత్తింది ఆయనే. తిరుపతిలో మా మరదలికి చెప్పాలి. పులికాట్ బావమరిదికి చెప్పాలి, అక్క పోయిన సంగతి కూడా ఆయనకు ఇంకా తెలియదు. అక్క కొడుక్కి చెప్పాలి, తల్లి కర్మల్లో ఉన్న మనిషికి కుక్క మాట ఎలా ఎత్తాలో తోచక ఆగాను. ఆఖరున కార్వేటినగరంలో అక్క చెల్లెలు. మంచం పట్టి ఉన్నందువల్ల చావుకు రాలేకపోయింది, ఫోన్లో మాట వినబడదు. ఆమె దగ్గరికి మణిని ఆటోలో తీసుకుపోవాలని అమ్మాయీ నేనూ అనుకున్నాం. వాకిట్లో దించుతాం. మంచం దాకా అదే నడిచి పోతుంది.