మేక గంట కట్టిన వాకర్

గోల్ఫ్ అంటే చేతులతో ఆడే ఆట అని మా వైపు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. హైదరాబాద్ శివార్లలో ఒక గోల్ఫ్ మైదానంలో బంతులు ఏరే పనికి కుదిరాక తెలిసింది, ఆ ఆట సగానికి పైగా నడుము కిందే ఉందని.

పొద్దున్నే జనం రాకముందు మాలాంటి పనివాళ్లు కాసేపు ఆడుకోవచ్చు. కొన్నేళ్లు అలా కొట్టగా కొట్టగా నా చెయ్యి కుదిరింది. ఆడవాళ్లకు ఆట నేర్పడానికి ఒక ఆడమనిషి కావాలని మైదానం వాళ్లు వెతుకుతున్నప్పుడు, అక్కడ నేర్పే సారు నా పేరు చెప్పాడు. అయితే ముందు మొత్తం మైదానం ఆడి చూపించి పరీక్ష గట్టెక్కాలి. గట్టెక్కితే నేర్పే ఉద్యోగం. లేదంటే మళ్లీ బుట్ట పట్టుకుని ఎవరో కొట్టిన బంతుల వెనక తిరగడమే. నాకా ఉద్యోగం కావాలి.

చిక్కల్లా ఒక్కటే. బంతి కొట్టే కర్రను వెనక్కి లేపేటప్పుడు నడుము ఉన్నచోటే తిరగాలి. నాది తిరగదు, కుడిపక్కకు జరుగుతుంది. మోకాలు దాని వెంటే పోతుంది. ఇక బంతి ఎటు పోతుందో దానికే తెలియదు.

"పైనంతా బాగుంది. కిందే నిలకడ లేదు. పరీక్షలో నిన్ను ముంచేది ఇదే" అన్నాడు సారు.

నిలకడ కోసం ఆయన దగ్గర సంచినిండా సరంజామా ఉంది. మోకాళ్లకు వేసుకునే రబ్బరు పట్టీ, పాదం కింద పెట్టే ఏటవాలు చెక్క, నడుము జరిగితే తగిలేలా పక్కన నిలబెట్టే కడ్డీ. అవన్నీ ఫీజు కట్టి నేర్చుకునేవాళ్లవి. నేను వాటిని తుడిచి సంచిలో సర్దడం వరకే. అంతలో వానాకాలం వచ్చింది. గడ్డి మార్చాలని మైదానం మూసి, తెరవగానే పరీక్ష అని చెప్పి మమ్మల్ని ఇళ్లకు పంపారు. ఒక పాత కర్ర, నాలుగు బంతులు సంచిలో వేసుకుని నారాయణఖేడ్ బస్సెక్కాను.

నా మొహం చూడగానే మా అమ్మ పసిగట్టింది. అడిగిందే అడుగుతుంటే చెప్పేశాను. నడుము, మోకాళ్లు నిలకడగా లేవని సారు అన్నాడనీ, ఇలాగే ఉంటే ఉద్యోగం రాదనీ. అమ్మ నా కాళ్లకేసి ఒకసారి చూసి లోపలికి పోయి మోకరించింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం నేను చర్చిలో ఆరాధనకు పోలేదు, వాకిట్లో కర్ర తిప్పుతూ ఉండిపోయాను. మధ్యాహ్నానికి ఇంటి ముందు చెప్పులు వరుస కట్టాయి. ఒకామె అరటిపళ్లు తెచ్చింది. ఇంకొకాయన నూనె సీసా ఇచ్చి, కాచి రుద్దుకోమన్నాడు. ఎవరో మోకాళ్లకు వేసుకునే సాగే తొడుగులు తెచ్చారు. అందరూ నా వంక జాలిగా చూసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పోతున్నారు. చివరికి వెనక గల్లీ పెద్దమ్మ వచ్చింది, నాలుగు కాళ్ల వాకర్‌ను భుజాన వేసుకుని. ఆమెకు పోయినేడు తుంటి ఎముక విరిగితే కొడుకు కొనిచ్చాడు. బాగయ్యాక దాని మొహం చూడలేదు.

"నాకు తక్కువైంది బిడ్డా. నీ నడుము నిలుస్తలేదంట గదా. ఇగ నువ్వు పట్టుకోని నడువు" అంది.

వాళ్లంతా పోయేదాకా పళ్లు బిగించుకుని కూర్చున్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, దాచడం చేతకాదు.

"అమ్మా, చర్చిల ఏం చెప్పినవే?"

"ఏం చెప్తా? నా బిడ్డకు నడుము, మోకాళ్లు ఆగుతలేవు, కొలువు పోయేటట్టుంది, ప్రార్థన చెయ్యుండ్రి అని చెప్పిన."

"నాకు రోగమా ఏందే? ఆటల నిలకడ లేదన్న. గంతే!"

"నిలకడ లేకుంటే రోగం కాదా మరి? దేవునికి గవన్ని తెల్వదా? నువ్వూకో."

మా అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు.

మర్నాడు వాకిట్లో షాబాద్ బండల మీద నిలబడి కర్ర వెనక్కి లేపాను. రాత్రి అక్కడే వదిలేసిన వాకర్ నా నడుముకు తగిలి దభీమని పడింది. ఒళ్లు మండి దాన్ని తన్నబోయాను. కాలు అలా గాల్లోనే ఆగిపోయింది. ఇది పక్కన నిలబెట్టే కడ్డీయే కదా! సారు సంచిలో నేను తుడిచి పెట్టినదే కదా!

దాన్ని లేపి, కుడి తుంటికి బెత్తెడు దూరంలో, కర్రకు అడ్డం రాకుండా కాస్త వెనగ్గా నిలబెట్టాను. నడుము ఉన్నచోటే తిరిగితే తగలదు, పక్కకు జరిగిందా పడిపోతుంది. ఆ రోజంతా అది పడుతూనే ఉంది. సైకిల్ ట్యూబు కోసి మోకాళ్ల పైన కట్టుకున్నాను. తలుపు కొట్టుకోకుండా పెట్టే ఏటవాలు చెక్కను కుడి పాదం బయటి అంచు కింద పెట్టాను, బరువు అటు ఒరగకుండా. ఎన్నాళ్లుగానో తుడుస్తున్న సరంజామా అంతా ఇంట్లోనే దొరికింది.

వాకర్ చప్పుడుకు మా అమ్మ విసుగెత్తిపోయింది. మా మేక మెడలో గంట విప్పుకొచ్చి దానికి కట్టింది.

"గది పడ్డదాంక ఎందుకు? ముట్టంగనే మోగుతది. నా చెవులన్న బతుకుతయ్" అంది.

మూడో రోజు పెద్దమ్మ జొన్నరొట్టెలు పట్టుకుని పరామర్శకు వచ్చింది. నేను సరిగ్గా అప్పుడే కర్రను బలమంతా పెట్టి తిప్పాను. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఓయమ్మో! నడ్వరాని పిల్లంటిరి, గిదేంది గొడ్డలి తిప్పినట్టు తిప్పుతుంది!"

సిగ్గుతో చచ్చినంత పనైంది. ఉన్నదున్నట్టు చెప్పాను. మోసం చేశామని తిడుతుందనుకున్నాను. ఆమె రొట్టెల గిన్నె నా చేతిలో పెట్టి అరుగు మీద కూలబడింది.

"అయితే నా స్టాండు పనికొస్తుందన్నట్టే. ఏదీ, మల్లొక్కసారి తిప్పు."

తిప్పాను. గంట మోగింది. "ప్చ్" అంది పెద్దమ్మ.

ఇక అప్పట్నుంచి పొలాల్లో కలుపు తీసి వచ్చిన ఆడవాళ్లంతా సాయంత్రానికి మా అరుగు మీదే చేరేవారు. గోల్ఫ్ అంటే ఏమిటో ఒక్కరికీ తెలియదు. గంట మోగకూడదని మాత్రం అందరికీ తెలుసు. మోగితే "మేకొచ్చిందే!" అని నవ్వేవారు. ఆ నవ్వులకు రోషం వచ్చి ఇంకా పట్టుగా తిప్పేదాన్ని. మోగడం తగ్గుతూ వచ్చింది. ఒక సాయంత్రం ఎంతసేపు తిప్పినా మోగలేదు. ఊడిపోయిందేమోనని మా అమ్మ లేచి వచ్చి గంటను వేలితో తాకి చూసింది. అది ఠంగుమంది. ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను.

మైదానం తెరిచారు. పరీక్షలో చివరి గుంత దాకా నెట్టుకొచ్చాను. అక్కడ గుంత చుట్టూ ఉండే పచ్చికకు ముందు చెరువుంది. ఒక్క దెబ్బతో చెరువు దాటితేనే ఉద్యోగం. నేను ఎప్పుడూ ముంచుకునేది అక్కడే. నిలబడి, కుడిపక్కన వాకర్ ఉందనుకున్నాను, దానికి గంట ఉందనుకున్నాను, అరుగు మీద ఆడవాళ్లంతా ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నారనుకున్నాను. తిప్పాను. గంట మోగలేదు. బంతి నీళ్లమీదుగా పోయి పచ్చిక మధ్యలో దిగింది. సారు దగ్గరికి వచ్చి, ఇంత నిలకడ ఎవరు నేర్పారని అడిగాడు. మా చర్చివాళ్లు అన్నాను.

ఉద్యోగం కాగితం చేతికొచ్చిన ఆదివారం ఊళ్లో ఉన్నాను. ఆరాధనలో మా అమ్మ, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"నా బిడ్డకు నడుము ఆగుతలేదని మీ అందరితోటి ప్రార్థన చేపిచ్చిన. ఇప్పుడు ఆగింది. ఇగ ఆమె పంతులమ్మ అయింది."

వెనక నుంచి పెద్దమ్మ గొంతు ఖంగుమంది.

"ఉత్త మాటలెందుకు? అందరికి చూపియ్యుండ్రి!"

ఎవరో మా ఇంటికి పరుగున పోయి గంటతో సహా వాకర్ తెచ్చారు. పాస్టర్ అయ్యగారు నవ్వుకుంటూ బల్ల పక్కకు జరిపించారు. ముందు చాపల మీద పిల్లలను వెనక్కి లాగి, గోల్ఫ్ కర్రకు బదులు ఎవరిదో చేతికర్ర నాకిచ్చారు. వాకర్‌ను తుంటి పక్కన నిలబెట్టుకున్నాను. చర్చి అంతా గప్‌చుప్. ప్రార్థన చేసేటప్పుడు కూడా అక్కడ అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అందరూ ఆ గంటకేసే చూస్తున్నారు.

బలమంతా పెట్టి తిప్పాను.

చప్పుడు లేదు. అప్పుడు పెద్దమ్మ రెండు చేతులూ పైకెత్తి "హల్లెలూయ!" అని అరిచింది, వెనకే చర్చి అంతా అరిచింది.