ఒకే కోర్ మీద ఇద్దరు

కుందలహళ్ళిలోని మా ఆఫీసు ల్యాబ్‌లో పరీక్ష మొదలుపెట్టగానే సర్వర్ల ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తుతాయి. ఈ ఉదయం ఆ హోరులో నిలబడి ఉండగా నాగరత్న గారు గుర్తొచ్చారు. ఆమె నా మొదటి టీమ్ లీడ్. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏ పని ఏ ప్రాసెసర్ మీద నడవాలో నిర్ణయించే భాగం షెడ్యూలర్, అది మా టీముది. మీటింగులు ఇంగ్లీషులో నడిపినా, నాతో మాత్రం పాత బెంగళూరు తెలుగులోనే మాట్లాడేవారు.

ప్రాసెసర్‌లో అసలు పని చేసే భాగమైన కోర్ ఒక్కటే రెండు థ్రెడ్లను, అంటే రెండు పనుల వరసలను, ఒకేసారి నడిపితే రెండు ప్రాసెసర్లు ఉన్నట్టేనని చేరిన కొత్తలో అనుకునేవాణ్ణి. ఆ మాటే అంటే ఆమె తల అడ్డంగా ఊపారు. "సిస్టమ్‌కి రెండుగా కనిపిస్తాయప్పా. లోపల ఉండేది ఒగటే. మేము పేటలో వఠారంలో ఉండేవాళ్ళం. రెండిండ్లకీ ఒగటే కొళాయి. ఇద్దరూ ఒగేసారి బిందె పెడితే ఎవురిదీ తొందరగా నిండదు." మళ్ళీ తనే, "నడిమి గోడ పైకప్పు దాకా ఉండేది కాదు. ఎవురింట్లో ఏం వండినా పక్కింటికి వాసన వచ్చేది. ఇంట్లో వండేదానికి ఏమీ లేని దినం మా అమ్మ ఉత్త నూనెలో పోపు పెట్టేది, పక్కింటోళ్ళకి తెలియకూడదని," అన్నారు.

అలా వాసనను బట్టి పక్కింటి సంగతి తెలిసినట్టే, ఒకే కోర్ పంచుకునే రెండు ప్రోగ్రాముల్లో ఒకటి రెండోదాని రహస్యాలను పసిగట్టగలదని ఆ తర్వాత మా పరీక్షల్లో తేలింది. మా కస్టమర్ పలు సంస్థలకు అద్దెకిచ్చే యంత్రాల్లో ఒక ఆసుపత్రి రోగుల వివరాలూ, ముక్కూమొహం తెలియని కంపెనీల పనులూ పక్కపక్కనే నడవబోతున్నాయి. ఒక కోర్ మీద ఒకే సంస్థ పనులు ఉండేలా షెడ్యూలర్‌ను మార్చాలన్నారు ఆమె. తోడుగా అదే సంస్థ పని ఆ కోర్ దగ్గర లేనప్పుడు రెండో థ్రెడ్ ఖాళీగా ఉండాల్సిందే. వేగం తగ్గుతుంది.

డైరెక్టర్ ఒప్పుకోలేదు. "ముందు రిలీజ్ చేద్దాం, తర్వాత సరిచేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"ఎవురికీ తెలియకుండానే పోతాది సార్. అదే నా భయం. నేను అప్రూవ్ చెయ్యలేను." ఆమె గొంతు పెంచలేదు.

రిలీజ్ ఆగింది. కస్టమర్ చేజారిపోయాడు. నెల తిరక్కుండా ఆమెను పాత ప్రోగ్రాములు చూసుకునే వేరే టీముకు మార్చారు. సామాను సర్దుకుంటుంటే, "బాధగా లేదా మేడం?" అని అడిగాను.

"ఉండాదప్పా. ఎందుకుండదు? ఈ టీము నేను కట్టింది." తర్వాత చాలాసేపు కీబోర్డు వైరు చుడుతూనే ఉండిపోయారు.

షెడ్యూలర్‌లో ఆమె అడిగిన ఆ మార్పును చివరికి మేమే పూర్తి చేశాం. అప్పటికి ఆమె జబ్బుపడి, అది ముదిరి, ఉద్యోగం మానేసి, హొసకోటెలో తమ్ముడి ఇంట్లో ఉన్నారు. చెప్పడానికి వెళ్ళాను. పడుకునే విన్నారు. సంతోషిస్తారనుకున్నాను.

"వేగం ఎంత పడిపోయింది?"

చెప్పాను.

"ఎక్కువే. ఖాళీగా ఉండే థ్రెడ్‌కి వేరే కోర్ల దగ్గర కాచుకోనుండే అదే సంస్థ పని ఎతికి ఇస్తా ఉండారా?"

లేదన్నాను.

"ఇయ్యండి. కాపాడతామని మరీ నిదానం చేస్తే, కస్టమర్లే దాన్ని ఆపేసుకుంటారు."

ఆ నెలలోనే ఆమె పోయారు. అలా వెతికి ఇచ్చే ఏర్పాటు తర్వాత మేము చేశాం, చాలా వేగం తిరిగొచ్చింది. ఆమెకు చెప్పలేకపోయాను.

ఇప్పుడు అప్రూవ్ చేయాల్సింది నేను. కాదనడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కాదన్నాక అక్కడితో మన పని అయిపోదన్నదీ ఆమె దగ్గరే. ఈ ఉదయం ఒక మార్పును వెనక్కి పంపాను. పంపి, దాన్ని రాసిన అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.