కాక గ్లాసులో పోసుకున్నది

బోధన్‌లో బెల్లం అంగడి నడిపిన మా కాక, మా నాన్న తమ్ముడు, పోయాడు. పొద్దున్నే చిన్నమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, మీ కాక ఇగ లేడు" అంది. ఆ కబురు ఎవరికి చెప్పినా ఒకటే మాట. "లివర్ పాడైందట గదా, బాగ తాగుతుండెనా?" జవాబులు చెప్పడంతోనే సరిపోయింది, ఏడవడానికి తీరిక దొరకలేదు. అందుకే ఇది కోపంగానే రాస్తున్నాను.

మా కాక జన్మలో మందు ముట్టలేదు. మా వైపు దావత్ అంటే మందు ఉండాల్సిందే. తాగనని లేచిపోతే పక్కవాళ్లు చిన్నబుచ్చుకుంటారని, తనూ ఓ గ్లాసులో నల్లటి కూల్‌డ్రింకు పోసుకుని అందరి మధ్యా కూర్చునేవాడు. అంగడికి ఎవరొచ్చినా ముందు అరచేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. "నోట్లె బెల్లం ఉన్నంతసేపు ఎవన్నీ తిట్టొద్దురా" అనేవాడు. ఇవాళ నా నోట్లో బెల్లం లేదు కాకా.

కొన్నేళ్ల కిందట కడుపు స్కానింగులో లివర్‌కు కొవ్వు పట్టిందని తేలితే, కంఠేశ్వర్‌లో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కు తీసుకెళ్లాను. బల్ల దగ్గర చీటీలు రాసే మనిషి హాలంతా వినబడేలా అడిగాడు. "లివర్ కేసా? రోజుకెంత తాగుతవ్ పెద్దాయనా?" కూర్చున్నవాళ్లంతా తిరిగి చూశారు. కాక తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. "పోదాం పా. ఊరంత తాగుబోతు అంటరు" అన్నాడు. డాక్టరును చూడకుండానే వచ్చేశాం. కడుపులో నీరు చేరి నడవలేకపోయేదాకా, నేనెంత బతిమాలినా మళ్లీ ఏ దవాఖాన గడపా తొక్కలేదు.

చివర్లో చూసిన డాక్టరమ్మ మాకు ఓపికగా చెప్పింది. మందు ముట్టనివాళ్లకూ లివర్‌కు కొవ్వు పడుతుందట. షుగర్ జబ్బు, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, తీపి పానీయాలు, పుట్టుకతో వచ్చే లక్షణాలు, అన్నీ కలిసి చేసే పని అది. ఆ కొవ్వుకు లివర్ వాస్తుంది, వాచి మానిన చోటల్లా మచ్చకట్టి గట్టిపడుతుంది. కొందరికే ఎందుకు అంత ముదురుతుందో తెలుసుకోవడానికి జన్యువుల్లో, పేగుల్లోని సూక్ష్మజీవుల్లో వెతుకుతున్నారట. మొదట్లో పట్టుకుంటే చాలామందికి వెనక్కి మళ్లించవచ్చట. మేము కుర్చీలోంచి లేచి వచ్చేసింది ఆ మొదట్లోనే. పరిశోధించేవాళ్లు పేగుల దాకా పోయి వెతుకుతుంటే, మనవాళ్లకు మాత్రం గ్లాసు తప్ప ఇంకో కారణం కనబడదు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా చూడటం మా ఆచారం. చిన్నమ్మ తమ్ముడు విస్తరి పక్కన ఒక క్వార్టర్ మందు సీసా పెట్టాడు. "బావకు ఇష్టమైంది పెట్టాలె గదక్కా" అన్నాడు. ఎన్నో దావత్‌లలో కాక పక్కనే కూర్చున్న మనిషి. ఆ నల్లటి కూల్‌డ్రింకులో మందు కలిసే ఉందనుకున్నాడట ఇన్నేళ్లూ. నేను నోరు తెరిచేలోపే చిన్నమ్మ సీసా తీసి, మూత తిప్పి, మట్టిలో ఒంపేసింది.

"పక్కన్నే కూసున్నవ్ గదరా. ఒక్కపారన్న అడిగినవా?" అంది. సీసా ఉన్న చోట బెల్లం ముక్క పెట్టి, తన కొడుకు వైపు తిరిగింది. "నువ్వు అన్నతోని పోయి సూపిచ్చుకో."

వాడు నాకు తమ్ముడు. వాడిది కూడా తండ్రి పొట్టే, ఇప్పుడిప్పుడే షుగర్ మొదలైంది. "నేను తాగ గదమ్మా" అని గొణిగాడు.

"మీ బాపు తాగిండా?"

దినాలు అయ్యాక తమ్ముడిని అదే క్లినిక్‌కు తీసుకెళ్లాను. బల్ల దగ్గర అదే మనిషి, అదే గొంతు. "లివర్‌కా? రోజుకెంత తాగుతవ్?" అందరూ తిరిగి చూశారు. తమ్ముడు కుర్చీ అంచుకు జరిగాడు. వీడూ లేస్తాడనుకున్నాను.

"తాగ. మా బాపు గూడ తాగలే. లివర్ పాడయ్యే పోయిండు. రాసుకో" అన్నాడు, గుండు చేయించుకున్న తల ఎత్తి, హాలంతా వినబడేలా.

లోపలికి పిలిచేదాకా ఆ కుర్చీలోంచి కదల్లేదు.